ఒక్కో కారణానికి ఒక్కో నగ

2003 జూన్ 9, సోమవారం. పాత ఇత్తడి కొనే లక్ష్మీకాంత్ తెచ్చిన కాటా మీద, రహిమున్నీసా ఇరవై రెండేళ్ళుగా దాచుకున్న గిల్టు నగలు మొత్తం పద్దెనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు తూగాయి.

తూకం చిలకలూరిపేటలో వాళ్ళ ఇంటి వసారాలోనే జరిగింది. రెండు గోనెసంచులనూ ఒకదాని తర్వాత ఒకటి కొక్కేనికి తగిలించి, ముల్లు ఊగడం మానేదాకా ఆగి, లక్ష్మీకాంత్ అంకె పైకి చదివాడు. "ఇందులో రాళ్ళ బరువు, లక్క బరువు తీసెయ్యాలి హుస్సేన్ గారూ. ఇత్తడి పదహారు నిలబడితే గొప్ప" అన్నాడు. శనివారం పొద్దున బండి పంపుతానని చెప్పి వెళ్ళిపోయాడు. రహిమున్నీసా గుమ్మానికి ఆనుకుని నిలబడి అంతా విన్నది. అప్పటిదాకా తన నగల బరువెంతో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని ఎన్నడూ తోచలేదు.

ఆ సంచులు కొలిమికి వెళ్ళకూడదని ఆమె పట్టు. ఇంట్లో తాళం పడే ఒకే ఒక్క బీరువా శనివారం నాటికి ఖాళీ కావాలని భర్త ఇమాం హుస్సేన్ పట్టు. ఇద్దరిలో ఎవరిదీ ఉత్త మొండితనం అనడానికి వీల్లేదు. ఇమాం హుస్సేన్‌ది ఫ్యాన్సీ దుకాణం. గాజులు, రిబ్బన్లు, కాటుక డబ్బాలు, వాటితోపాటు గిల్టు నగలు అమ్ముతాడు. కోటప్పకొండ తిరునాళ్ళకూ, పెదకాకాని జాతరకూ, పొదిలి సంతకూ సరుకు మోసుకెళ్ళి అంగడి పెడతాడు. ఆ రెండు మూడేళ్ళలో వన్ గ్రామ్ గోల్డ్ అనే కొత్త సరుకు ఊరూరా పాకింది. పలచటి బంగారు పూత వేసిన ఆ నగలను జనం పెళ్ళిళ్ళకు కూడా అడుగుతున్నారు. వాటిని గిల్టులా దారానికి గుచ్చి గోడకు వేలాడదీయడం కుదరదు. తేమ తగలకుండా, చేతులు పడకుండా, పెట్టెల్లో పెట్టి తాళం వెయ్యాలి. తాళం వెయ్యదగిన చోటును పాత గిల్టు ఆక్రమించి ఉంది.

ఆ పాత గిల్టు ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఈ ప్రాంతపు వ్యాపార పద్ధతి ఒకటి చెప్పాలి. మెరుగు పోయిన నగ తెచ్చి ఇస్తే దుకాణదారు కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తాడు. దీన్ని మార్పిడి అంటారు. మిరపకోతల కూలి చేతికొచ్చే రోజుల్లో మార్పిడి జోరుగా సాగుతుంది. బంగారం ఉన్న ఆడవాళ్ళు కూడా దాన్ని ఇంట్లో దాచి, చేలోకి గిల్టే వేసుకుని వెళ్తారు. ఎండకూ చెమటకూ అది ఒక్క సీజన్లోనే నల్లబడుతుంది. తీసుకున్న పాత నగలను దుకాణదారు గోనెలో పడేస్తాడు. కోతలు అయిపోయాక గోనె ఇత్తడి తూకానికి వెళ్తుంది. ఇచ్చే మనిషి గానీ, పుచ్చుకునే మనిషి గానీ ఆ నగ ముఖం మరోసారి చూడటం ఉండదు.

రహిమున్నీసా చూసేది. అది ఆమెకు తండ్రి నుంచి వచ్చిన అలవాటు. నరసరావుపేట దగ్గర ఒక పల్లెలో ఆమె తండ్రి దూదేకేవాడు. ఇళ్ళకు వెళ్ళి పరుపులూ దిండ్లూ విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్ళీ నింపి కుట్టేవాడు. పత్తి కొనేటప్పుడు చిటికెడు దూదిని రెండు చేతుల వేళ్ళ మధ్య లాగి, వెలుతురుకు ఎదురుగా పట్టి, పింజ ఎంత పొడవుందో చూసేవాడు. ఐదో తరగతితో బడి ఆగిపోయిన కూతురికి ఆ చూపు అబ్బింది. ఏ వస్తువు చేతికొచ్చినా వెలుతురుకు పట్టడం, వెనక్కి తిప్పడం, అంచు మీద గోరు నడపడం ఆమెకు మామూలు. పంతొమ్మిదో ఏట పెళ్ళయి పేటకు వచ్చాక దుకాణంలో ఆడవాళ్ళు కూర్చునే వైపు ఆమె వంతుకు వచ్చింది. పూసలు గుచ్చేది. తెగిన గొలుసులు అతికేది. చెవి సాగదీసే బరువు బుట్టలకు ఆ బరువు మోసే మాటీల గొలుసులు కట్టి ఇచ్చేది.

1981లో ఒక ముసలమ్మ మార్పిడికి తెచ్చిన నెమలి బుట్టకమ్మలతో ఇదంతా మొదలయింది. పూత పూర్తిగా పోయి, ఇత్తడి బయటపడి ఉన్న జత. గోనెలో వెయ్యబోతూ రహిమున్నీసా ఊరికే చెవులకు పెట్టుకుని అద్దంలో చూసుకున్నది. కుడి చెవి నెమలీ ఎడమ చెవి నెమలీ రెండూ ఆమె ముఖం వైపే చూస్తున్నాయి. దుకాణంలో కొత్తగా వచ్చిన నెమలి జత తీసి పెట్టుకున్నది. వాటిలో ఒక నెమలి బుగ్గను చూస్తోంది, రెండోది భుజాన్ని చూస్తోంది. కొత్తవాటికి ఒకే అచ్చు వాడారు. పాతవి చేసినవాడు ఆ రెండూ ఒక ముఖానికి చెరో పక్కన ఉండబోతాయన్న సంగతి గుర్తు పెట్టుకుని రెండు అచ్చులు తీశాడు. ఆ జతను ఆమె గోనెలో వెయ్యలేదు. పాత చీర ముక్కలో చుట్టి బియ్యం డబ్బా వెనక దాచింది. డబ్బా వెనక చోటు చాలనప్పుడు ట్రంకు పెట్టె, ట్రంకు పెట్టె చాలనప్పుడు బీరువా వచ్చాయి.

మంగళవారమూ బుధవారమూ ఇంట్లో వాదన నడిచింది.

"ఏం చేసుకుంటావే వాటిని? వేసుకుంటావా?" అన్నాడు ఇమాం హుస్సేన్.

"వేసుకోను."

"అమ్ముతావా?"

"అమ్మను."

"మరి?"

"చూసుకుంటా."

"చూసుకోడానికి పద్దెనిమిది కిలోలు కావాలా? నన్ను చూసుకో, డెబ్బై ఉన్నాను."

"నిన్ను చూసీ చూసీ కళ్ళు నొప్పెట్టే గదయ్యా, ఇవి తెచ్చుకుంది" అన్నది రహిమున్నీసా.

గుంటూరులో బి.కాం. చదువుతూ సెలవులకు వచ్చిన కూతురు అర్ఫా రెండు రోజులు ఈ మాటలు విన్నది. గురువారం అన్నాల దగ్గర ఒక షరతు పెట్టింది. అమ్మ ఒక్కో నగే తీసి, దాన్ని ఎందుకు ఉంచాలో చెప్పాలి. నాన్నా తానూ ఒప్పుకుంటే ఉంటుంది. కాని ఒకసారి చెప్పిన కారణం మళ్ళీ చెప్పకూడదు. ఒక కారణానికి ఒకటే నగ. ఉండేవి బిస్కెట్ల రేకు డబ్బాలోకి, మిగతావి గోనెలోకి.

ఇమాం హుస్సేన్ వెంటనే ఒప్పుకున్నాడు. గిల్టు నగను ఉంచుకోడానికి ప్రపంచంలో ఐదారు కారణాలకు మించి ఉండవని అతని నమ్మకం. రహిమున్నీసా కూడా ఒప్పుకున్నది. కారణం లేకుండా తాను ఒక్కటీ దాచలేదని ఆమె నమ్మకం. ఇద్దరి అంచనా తప్పిందని మర్నాడు తేలింది.

శుక్రవారం జుమా నమాజు అయి, భోజనాలు ముగిశాక వసారాలో చాప పరిచారు. జూన్‌లో దుకాణానికి ఎవరూ రారు. మిరప డబ్బు మే నాటికే ఖర్చయి ఉంటుంది, ఉన్న కాస్తా పత్తి విత్తనాలకు పోతుంది. అర్ఫా రేకు డబ్బాలో దూది పరిచి మధ్యలో కూర్చున్నది. రహిమున్నీసా మొదట నెమలి బుట్టల జత తీసి కూతురి చెవులకు పెట్టింది.

"ఎటు చూస్తున్నాయి?" అని భర్తను అడిగింది.

ఇమాం హుస్సేన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. ఇరవయ్యేళ్ళుగా అటువంటి బుట్టలు వేల జతలు అమ్మిన మనిషి అతను. "పిల్ల మొహం చూస్తున్నాయి" అని, వాటినే చూస్తూ, "మనం అమ్మేవి ఎటు చూస్తాయి?" అన్నాడు.

"ఒకటి ఇటు, ఒకటి బజారు వైపు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"చెబితే అమ్మబుద్ధి పుట్టదు నీకు."

జత డబ్బాలోకి వెళ్ళింది. వెంటనే ఆమె మరో నెమలి జత తీసింది. ఎదురెదురు చూపు నెమళ్ళు ఆమె దగ్గర తొమ్మిది జతలున్నాయి. "ఆ కారణం అయిపోయిందమ్మా" అన్నది అర్ఫా. రహిమున్నీసా మిగతా జతలన్నిటినీ ఒళ్ళో వేసుకుని ఒక్కొక్కటే తిప్పి చూసింది. వాటిలో ఏదీ మొదటిదానికంటే కొత్త మాట చెప్పడం లేదు. ఎనిమిది జతలు గోనెలో పడ్డాయి. ఆ చప్పుడుకు ఆమె కళ్ళు మూసుకున్నది. షరతు ఏమిటో ఆమెకు సరిగా అర్థమైంది అప్పుడే.

తర్వాతది మామిడి పిందెల హారం. నడుమ పిందె బొటనవేలంత, అక్కడినుంచి రెండు వైపులా తగ్గుతూ తగ్గుతూ చివరిది జీడిపప్పంత.

"కొనేవాళ్ళు పిందెలెన్నని లెక్కపెడతారు గానీ, చిన్నవా పెద్దవా అని ఎవరు చూస్తారే?" అన్నాడు ఇమాం హుస్సేన్. "అన్నీ ఒకే సైజుంటే నిండుగా ఉండేది."

రహిమున్నీసా లోపలికి వెళ్ళి ఇత్తడి బిందె తెచ్చి బోర్లించకుండా నిలబెట్టింది. దుకాణం నుంచి ఒకే సైజు పిందెల హారం తెప్పించి బిందె మెడకు వేసింది. మెడ ఒంపు దగ్గర పిందెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, రెండు మూడు బోర్లా తిరిగాయి. దాన్ని తీసి పాత హారం వేసింది. ఒంపు ఎక్కడ ఎక్కువైతే అక్కడ పిందె సన్నబడింది. అన్నీ ముఖం పైకే ఉన్నాయి.

"బిందెకి బాగానే ఉంది" అన్నాడు ఇమాం హుస్సేన్, ఒప్పుకుంటున్నట్టు కనబడకుండా ఒప్పుకుంటూ.

ఆ తర్వాత పని చురుగ్గా సాగింది. వడ్డాణం ఒకటి ఉంది. దాని కీలు ఎక్కడుందో కనుక్కోమని రహిమున్నీసా తండ్రీకూతుళ్ళకు ఇచ్చింది. ఇద్దరూ చేతులు మార్చుకుంటూ వెతికారు. చివరికి అర్ఫా చేతిలోనే అది మడత పడింది. హంస మెడ ఒంపులో కీలు దాచి, కీలు కడ్డీ తలను హంస కన్నుగా చేశారు. ఒక పాపిటబిళ్ళలో చంద్రవంక కొమ్ములు మామూలు కంటే పొడవు. నుదుటి మీద పెట్టుకుంటే బొట్టు సరిగ్గా ఆ కొమ్ముల మధ్యకు వస్తుంది, అంటే మనిషి బొట్టుతో గాని ఆ నగ పూర్తి కాదు. ఒక జత కమ్మల్లో రాళ్ళ వెనక వెండిరంగు రేకు వేసి గూడు మూసేశారు. ఇంకో జతలో వెనక తెరిచి ఉంచారు. మొదటివి దీపం వెలుగులో బాగుంటాయి, రెండోవి ఎండలో బాగుంటాయి అని రహిమున్నీసా చెప్పింది. వసారా అంచుకు వెళ్ళి ఎండలో పెట్టి చూపించింది. మూసినవి మసకగా మిగిలాయి, తెరిచినవి గచ్చు మీద ఎర్రటి మచ్చలు వేశాయి. అవి రెండు కారణాలా ఒకటా అని వాదన వచ్చింది. అర్ఫా రెండుగా తీర్పు చెప్పింది.

మధ్యలో ఒక బ్రోచి వచ్చింది. గుంటూరులో మిషన్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన దేవకుమారి అనే నర్సు చాలా ఏళ్ళ కిందట మార్పిడికి ఇచ్చిన వస్తువది. పైటకు పెట్టుకునే పిన్ను, ద్రాక్షాకు ఆకారం, ఆకుపచ్చ రంగు కరిగించి పోసిన మీనా పని. ఆవిడకు దాన్ని ఎవరో దొరసాని ఇచ్చి వెళ్ళిందట.

"ఇది అసలు మన నగే కాదు. గోనెలో వెయ్యవే" అన్నాడు ఇమాం హుస్సేన్.

"మన నగ కాబట్టి ఉంచుదామని నేనెప్పుడన్నా? ఆకు చివర చూడు. పైకి వంగింది. మనోళ్ళు ఆకు చేస్తే పలక మీద గీసినట్టు చదునుగా చేస్తారు. ఇదేమో ఎండకి వాడబోయే ఆకు. వంగిన చోట రంగు పలచగా వేశాడు, చదునున్న చోట చిక్కగా వేశాడు."

"వాడిపోయే ఆకుని ఎవరన్నా నగ చేస్తారటే?"

"చేశాడుగా, నీ చేతిలో ఉంది."

బ్రోచి డబ్బాలోకి వెళ్ళింది. కాని అటుపైన ఎక్కువసార్లు గోనె వైపే చెయ్యి సాగింది, అదీ రహిమున్నీసా చెయ్యే. దాచిన రోజున గొప్పగా తోచినవి ఇప్పుడు ఒకదాని పక్కన ఒకటి పెడితే వెలవెలబోయాయి. కొన్నిటిని రాళ్ళు ఎక్కువున్నాయని దాచింది. కొన్ని ఇచ్చినవాళ్ళ మీద ఇష్టంతో దాచింది. కొన్ని ఎందుకు దాచిందో ఎంత తిప్పినా గుర్తు రాలేదు. భర్త గాని కూతురు గాని నోరెత్తకముందే వాటిని తనే పక్కకు నెట్టింది. ఒకచోట మాత్రం అటుదిటైంది. నాటకాల కంపెనీ వదిలేసిన పెద్ద భుజకీర్తుల జతను ఇమాం హుస్సేన్ రెండు భుజాల మీద పెట్టుకుని కూర్చుని, తియ్యనన్నాడు.

"ఇవి ఉండాల్సిందే. వీటిని పెట్టుకుని ఎంతమంది రాజులు కత్తులు దూశారో!"

"కారణం చెప్పు."

"పెద్దవి."

"పెద్దవి అనేది కారణం కాదు. రేకు పలచన, పని లేదు. దూరాన్నించి కనపడటానికి తగరం ముక్కలు అంటించారు, అంతే. ఇటివ్వు."

"రాజ్యం పోయిందే అర్ఫా" అంటూ అతను భుజాలు ఒంచాడు.

ఎండ వసారా మెట్టు దిగేసరికి చాప మీద ఒక్కటే మిగిలింది. రహిమున్నీసా దాన్ని కావాలనే చివరికి ఉంచింది. అడ్డిగ, అంటే మెడకు అంటిపెట్టుకుని ఉండే వెడల్పాటి హారం. వరసగా చదరపు బిళ్ళలు, బిళ్ళకొక ఎర్రరాయి. ఎడమ చివర నుంచి రెండో బిళ్ళలో మాత్రం రాయి పచ్చది. పదిహేనేళ్ళ కిందట మార్పిడిలో వచ్చినప్పటి నుంచి, మిగతా సొత్తంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తుగా ఆమె చూసుకున్నది. బీరువా తెరిచిన ప్రతిసారీ దీన్ని చేతిలోకి తీసుకోకుండా మూసేది కాదు.

"ఇది చెయ్యడం వచ్చిన మనిషి చేశాడు" అని మొదలుపెట్టింది. "అన్ని రాళ్ళూ ఎర్రవే పెట్టగలడు. పెట్టలా. అంతా సరిగ్గా కుదిరితే దిష్టి తగులుద్దని ఒక్క రాయి మార్చాడు. పసిబిడ్డ బుగ్గన చుక్క పెట్టినట్టు. అది కూడా నడుమ పెట్టలా, చివర పెట్టలా. చూడగానే కనపడదు, చూస్తా ఉంటే కనపడుద్ది. తన పనికి తనే దిష్టిచుక్క పెట్టుకున్నాడు. వెనక ఆ బిళ్ళ మీదే గుర్తు కూడా గీసుకున్నాడు చూడు."

ఇమాం హుస్సేన్ అడ్డిగను అందుకున్నాడు. తిప్పి చూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత అతనికి నవ్వు వచ్చింది. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఏందయ్యా?" అన్నది రహిమున్నీసా.

"అది గుర్తు కాదే. స్క్రూడ్రైవర్ జారింది. ఆ పచ్చరాయి నేను పెట్టిందే."

మొదట్లో, పెళ్ళయిన కొత్తల్లో, మార్పిడికి వచ్చినవాటిలో కాస్త గట్టివి ఏరి, రాళ్ళు కట్టి, మెరుగు పెట్టించి తిరునాళ్ళలో మళ్ళీ అమ్మేవాడినని అతను చెప్పాడు. ఈ అడ్డిగను కోటప్పకొండలో అమ్మాడు. అది ఎవరి మెడలోనో కొన్నేళ్ళు తిరిగి, నల్లబడి, మార్పిడిలో మళ్ళీ ఈ ఇంటికే వచ్చింది. గోనె నిండుతున్న రోజుల్లో అతను గుర్తుపట్టలేదు. ఆమె పని చూసింది గాని ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు తట్టలేదు.

రహిమున్నీసా అడ్డిగను తీసుకుని వెలుతురుకు పట్టింది. గీత వంకరగా ఉంది. గుర్తు గీసుకునేవాడు అలా గియ్యడు. ఇన్నేళ్ళలో ఆ వంకర తన కంటికి ఆనలేదంటే, ఆనకూడదని తనే అనుకున్నట్టుంది. ఆమె మనసులో ఆ పనివాడికి ఒక రూపం ఉండేది. సన్నటి వేళ్ళు, మాట తక్కువ, ఎక్కడో బందరు వైపు ఒక చీకటి గదిలో కిటికీ పక్కన కూర్చునే మనిషి. అతనెప్పుడూ లేడు.

ఆమె అడ్డిగను గోనె మీద పెట్టింది.

"అమ్మా" అన్నది అర్ఫా.

"కారణం పోయింది. షరతు షరతే."

ఇమాం హుస్సేన్ నవ్వు అప్పటికి ఆగిపోయింది. గెలిచిన మనిషిలా లేడు. "ఏదో రాయి ఊడితే ఏదో రాయి పెట్టినట్టు చెబుతున్నావేందే" అన్నాడు గొంతు తగ్గించి. "ఊరికే పెట్టలా నేను."

"మరి?"

"ఊడింది నడిమి రాయి. ఎర్రది దొరకలా. నా డబ్బాలో తెల్లదొకటి, పచ్చదొకటి ఉన్నాయి. తెల్లది పెడితే గూడు ఖాళీగా ఉన్నట్టు కనపడుద్ది. పచ్చది తీసుకెళ్ళి నడుమ పెడితే కొనేవాళ్ళ కన్ను ముందు దాని మీదే పడుద్ది, తగ్గించమంటారు. అందుకని చివరిదాని పక్క బిళ్ళలోంచి ఎర్రది ఊడదీసి నడుమ కట్టి, పచ్చది అక్కడ కట్టా."

"కుడి పక్క కాకుండా ఎడమ పక్కే ఎందుకు?"

"పైట వచ్చేది అటే గదా. కప్పడిపోద్దని."

రహిమున్నీసా అడ్డిగను గోనె మీది నుంచి తీసి కూతురి మెడకు పెట్టి, ఓణీ అంచును ఎడమ భుజం మీదకు లాగి చూసింది. పచ్చరాయి అంచు కిందకు పోయింది. ఎర్రరాళ్ళ వరస మాత్రం తెగకుండా నడిచింది. ఓణీ కొంచెం జారిస్తే పచ్చది తొంగి చూసింది. ఆ జారుడులో అది బాగుంది. అది భర్త అనుకున్నది కాదు, కాని అతను పెట్టిన చోటు వల్లే జరిగింది.

"ఇది ఇంతవరకు ఎవరూ చెప్పని కారణమే" అన్నది అర్ఫా. "కానీ చెప్పింది నాన్న. లెక్కలోకి వస్తుందా?"

"వచ్చుద్ది" అన్నది రహిమున్నీసా. ఆమె గొంతులో సంతోషం పెద్దగా లేదు. అడ్డిగను డబ్బాలో పెట్టింది గాని, అంతకుముందు బీరువాలో పెట్టినట్టు అన్నిటికీ పైన పెట్టలేదు. మిగతావాటి మధ్య, చోటున్న దగ్గర పెట్టింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు గోనెలో చెయ్యి పెట్టి కెలికింది. రాళ్ళు కలవలేదని మధ్యాహ్నం నుంచి తాను పక్కన పడేసినవి నాలుగైదు పైకి తీసింది. "ఇవి?"

ఇమాం హుస్సేన్ ఒక్కొక్కటే చూశాడు. "ఇదీ నాదే. ఇది కాదు. ఇది నాదే."

ఒక కారణానికి ఒకటే నగ. రహిమున్నీసా వాటిని మళ్ళీ గోనెలోకి జారవిడిచింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

డబ్బా నిండింది, మూత పట్టింది. నలభై మూడు కారణాలు తేలాయని అర్ఫా చెప్పింది. ఐదారు ఉంటాయనుకున్నాడు తండ్రి, నాలుగు వందలు ఉంటాయనుకున్నది తల్లి. మర్నాడు పొద్దున లక్ష్మీకాంత్ బండి వచ్చింది. సంచుల మూతి కట్టింది రహిమున్నీసానే. బండి వీధి మలుపు తిరిగేదాకా వసారాలో నిలబడి, తర్వాత లోపలికి వెళ్ళి బీరువా అరలు తడిగుడ్డతో తుడిచింది. మధ్యాహ్నానికి వన్ గ్రామ్ పెట్టెలు వచ్చి అందులో కూర్చున్నాయి. రేకు డబ్బాకు వంటింటి గూట్లో, పప్పు డబ్బాల పక్కన చోటు దొరికింది.

మరుసటి వారం, బుధవారం నాడు, యడ్లపాడు వైపు నుంచి హనుమాయమ్మ అనే పెద్దావిడ పత్తి విత్తనాల కోసం పేటకు వచ్చి, పనిలో పనిగా పాత చెంపసరాల జత మార్పిడికి తెచ్చింది. చెవి కమ్మ నుంచి జుట్టు దాకా వెళ్ళే గొలుసులవి. బదులుగా కొత్త కమ్మలు కావాలన్నది. ఇమాం హుస్సేన్ చెంపసరాలను గోనె వైపు విసరబోయి ఆగాడు. వెలుతురుకు పట్టాడు. వెనక్కి తిప్పాడు. ఏం చూడాలో తేలక, "ఒక్క నిమిషం కూర్చో అమ్మా" అని వాటిని పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు.

"ఇవి చూడవే. ఉంచేవేనా?"

రహిమున్నీసా చేతులు తుడుచుకుని అందుకున్నది. "వీటి కారణం మన దగ్గరుంది. బరువు చెవి మీద కాకుండా జుట్టు మీద పడేట్టు కొక్కెం వంచడం. డబ్బాలో ఒక జత ఉంది."

"అయితే తూకానికేనా?"

"ఆగు."

గూట్లోంచి డబ్బా దించి, ఉన్న జతను తీసి రెంటినీ చెరో చేతిలో వేలాడదీసింది. డబ్బాలోని జతకు కొక్కెం ఒకటే. గొలుసు కదిలితే కొక్కెం తిరుగుతుంది. హనుమాయమ్మ తెచ్చినదానికి కొక్కెం చీలి, రెండు ముళ్ళుగా జుట్టును పట్టుకుంటుంది. గొలుసును ఎంత ఊపినా తిరగలేదు. ఆమె రెండుసార్లు ఊపి చూసింది. భర్త చేతికిచ్చి అతన్నీ ఊపమన్నది.

దుకాణంలోంచి హనుమాయమ్మ కేక వేసింది. "ఏమయ్యా హుస్సేనూ! నా చెంపసరాలకు లోపల పెళ్ళిచూపులేమన్నా చేస్తన్నారా? అవతల బస్సు పోద్ది!"

"వస్తన్నా అమ్మా, వస్తన్నా" అంటూ ఇమాం హుస్సేన్ పరుగున వెళ్ళాడు. కమ్మల్లో ఒక జత ఎంచి, మార్పిడి పోను మిగిలినది పుచ్చుకుని ఆవిడను పంపించాడు.

రహిమున్నీసా కొత్తగా వచ్చిన చెంపసరాలను దూది మీద సర్ది మూత పెట్టింది. పోయిన శుక్రవారం తాను వాదించి నిలబెట్టిన పాత జతను తీసుకుని దుకాణంలోకి నడిచింది. శనివారం తర్వాత పెట్టిన కొత్త గోనె ఇంకా దాదాపు ఖాళీగానే ఉంది. జతను అందులో వేసి, పూసలు గుచ్చడానికి కూర్చున్నది.